గొంతు కోసం కాచుకున్న గడియారం

అద్దంకి గెస్ట్ హౌస్ గోడకు ఆ గడియారం వేలాడదీసి ఎనిమిది నెలలు దాటింది. దాని కింద ఎంతమంది మాట్లాడారో లెక్కలేదు. పొగాకు వ్యాపారులు పోట్లాడుకున్నారు. పెళ్లివారు వంటవాడి గురించి అలిగారు. బదిలీ మీద వచ్చిన ఆఫీసరొకడు ఒంటరిగా వారం రోజులు పాత పాటలు పాడుకున్నాడు. గడియారం ఎవరినీ పట్టించుకోలేదు. టైం చెప్పుకుంటూ వేలాడింది.

ఆ ఉదయం ప్రొఫెసర్ శ్రీమన్నారాయణ స్నానం చేసి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ భార్యకు ఫోన్ చేశాడు.

"మల్లేశ్వరీ, టిఫిన్ తిన్నావా? బీపీ మాత్ర వేసుకున్నావా? మళ్లీ మర్చిపోయావు గదా. సరే, ఇప్పుడన్నా వేసుకో. పదింటికి మీటింగు. అయిపోగానే బయల్దేరతా. మధ్యాహ్నం అన్నానికి..."

గడియారం అంతవరకే విన్నది.

గుంటూరులో మల్లేశ్వరి చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది. సిగ్నల్ పోయిందనుకుంది. మాత్ర వేసుకుని, మళ్లీ ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

* * *

అరండల్‌పేటలో ఒక పురుగుమందుల కొట్టు మీద ఉన్న గదికి బోర్డు లేదు. అక్కడ పనిచేసేవాళ్ల జీతాలు ఏ శాఖ నుంచి వస్తాయో వాళ్ల ఇళ్లల్లో తెలియదు. ఆ గదికి అధిపతి రామమూర్తి, రిటైరైన హెడ్మాస్టరులా ఉంటాడు. ఆయన తన ఏజెంట్లకు మిరపకాయల పేర్లు పెట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్న నలభై ఏళ్ల యలమంద పేరు ఫైళ్లలో 'తేజ'.

"అద్దంకిలో పేలి ప్రొఫెసర్‌ని చంపిన గడియారం లాంటిది రెండోది ఉంది," అన్నాడు రామమూర్తి. "మెసేజ్ వచ్చింది. చదువుతా, విను. 'ప్రత్తిపాడు రోడ్డు కోల్డ్ స్టోరేజీ. శాంపిల్ హాలు. శనివారం పన్నెండు దాటాక డెమో. కొనేవాళ్లు లైవ్‌లో చూస్తారు. లూకస్ దగ్గర్లోనే కారులో ఉంటాడు.'"

"ఎవరు పంపింది సార్?"

రామమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బ్యాడిగి."

బ్యాడిగి అంటే రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉండే కాయ. ఆ పేరు హెలెన్‌కి పెట్టిన రోజు ఆమె తెగ నవ్వింది. గుంటూరు చర్చిలో ఆమెకూ యలమందకూ పెళ్లికి తేదీ కూడా ఖాయమైంది. ఆ లోపల ఆమెను విదేశీ ముఠాలోకి పంపారు. ఆమె వెళ్లే రోజు గుంటూరు స్టేషన్లో అతను నీళ్ల సీసా కోసం వెళ్లి వచ్చేసరికి రైలు కదిలిపోయింది. వెళ్లొస్తానన్న మాట ఆమె అననే లేదు. తర్వాత ఆమె నుంచి రిపోర్టులు తగ్గాయి, ఆగిపోయాయి. ముఠావాళ్లతో కలిసిపోయిందని ఫైల్లో రాశారు.

"ఎనిమిదేళ్లు సార్."

"నాకూ గుర్తుంది. నిజమైన మెసేజో, ఎరో చెప్పలేను. పోలీసుల్ని పంపితే ఆ ముఠా నాయకుడు లూకస్ మాయమవుతాడు. డిజైన్ వాడితో పోతుంది. మూడో గడియారం ఏ ఊళ్లో, ఏ గోడకి ఉందో మనకెవరూ చెప్పరు. అందుకే ఒక్కడివే, చప్పుడు లేకుండా. ఇప్పుడు మేడమ్ చెప్పేది విను."

కిటికీ పక్క కుర్చీలో ఉన్న బాలత్రిపురసుందరి గారు శ్రీమన్నారాయణతో ఇరవై ఏళ్లు ఒకే ల్యాబ్‌లో పనిచేసిన మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బినా, పాఠం మొదలుపెట్టేసరికి గొంతు నిలబడింది.

"న్యూరాన్ అంటే మన మెదడులో ఉండే కణం నాయనా. చిప్‌లో దాన్ని అనుకరించాలంటే మామూలు పద్ధతిలో ప్రతి క్షణం బోలెడు గుణకారాలు చెయ్యాలి. గుణకారం బ్యాటరీని తినేస్తుంది. మేం గుణకారాలు తీసేశాం. కూడిక ఉంటుంది, సగం చెయ్యడం ఉంటుంది, అంతే. అడుగున చిల్లి ఉన్న ముంత అనుకో. తనకు కావలసిన శబ్దం వస్తే ఒక చుక్క పడుతుంది. రాకపోతే ఉన్నది కారిపోతుంది. చుక్కలు గబగబా పడి అంచు దాటితే ఒక్కసారి పొంగుతుంది. దాన్నే స్పైక్ అంటాం. పొంగాక మళ్లీ ఖాళీ. శబ్దం లేకపోతే పనే లేదు, పని లేకపోతే ఖర్చు లేదు. చిన్న బ్యాటరీతో పదేళ్లు కాచుకుని కూర్చోగలదు."

"ఎందుకు చేశారు మేడమ్ ఇట్లాంటిది?"

"చెవుడు ఉన్న పిల్లలకి. ఛార్జింగ్ అక్కర్లేని మిషను, అమ్మ గొంతు ముందు గుర్తుపట్టేది. వాళ్లు డిజైన్ ఎత్తుకుపోయి గడియారంలో పెట్టారు. చివరి న్యూరాన్ పొంగితే పేలుతుంది. బయటి నుంచి సిగ్నల్ అక్కర్లేదు కాబట్టి జామర్లు పనిచెయ్యవు."

"ఎవరి గొంతు కోసం ఉంది రెండోది?"

"నా గొంతు కోసమే అయ్యుంటుంది. ఆ స్టోరేజీ వాళ్లు శనివారం నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. నేను రావడం లేదు." ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి వినికిడి మిషను లాంటిది తీసింది. "ఇది చెవిలో పెట్టుకో. లోపలి న్యూరాన్లు చుక్క పడ్డప్పుడల్లా చాలా సన్నని రేడియో చప్పుడు చేస్తాయి. సారు కనిపెట్టింది అదే. అది చెప్పడానికే అద్దంకి వెళ్లారు. నీకు చెవిలో టక్ అని తగులుతుంది. టక్కులు వానలా పడితే ముంత నిండుతోందని అర్థం. ఆగితే కారిపోతోందని."

"గడియారం పీకేస్తే?"

"పేలుతుంది. వెనక చిన్న కీప్యాడ్ ఉంటుంది, తగిలించేవాడి భద్రత కోసం. దానికి కోడ్ కావాలి. అంకెలు కొట్టి ఓకే నొక్కాలి. తప్పు కొట్టినా అంతే సంగతులు."

"కోడ్ హెలెన్‌కి తెలిసుండాలి," అన్నాడు రామమూర్తి. "సరిగ్గా పన్నెండింటికి ఆ ఫీడరుకు కరెంటు తీయిస్తా. జనరేటర్ అందుకునే దాకా హాల్లో కెమెరా గుడ్డిది. ఒక నిమిషం దొరుకుతుంది. మన దేశంలో కరెంటు పోతే లూకస్ కూడా అనుమానించడు."

లేవబోతుంటే సుందరి గారు అతని చెయ్యి పట్టుకుంది. "నిన్న మల్లేశ్వరి అడిగింది నాయనా. ఆ చిప్ ఆయన గొంతు నేర్చుకుందంటున్నారు గదా, ముక్కేదన్నా మిగిలితే వినిపిస్తుందా అని. అది గొంతును దాచుకోదు, గుర్తుపడుతుందంతే అని చెప్పలేకపోయా."

యలమంద మెట్లు దిగుతుంటే, ఎటు నుంచి వెళ్తున్నావని రామమూర్తి అడగలేదు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు.

* * *

శనివారం ప్రత్తిపాడు రోడ్డు మీద పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల మీద గాలి వీస్తుంటే కళ్లు మండుతున్నాయి. కోల్డ్ స్టోరేజీ ముందున్న రేకుల షెడ్డులో ఆడవాళ్లు కాయలకు తొడిమలు తీస్తున్నారు. ముక్కుకు కొంగు, చేతులు ఎర్రగా. ముప్పై నలభై మంది ఉంటారు. షెడ్డుకీ శాంపిల్ హాలుకీ మధ్య ఒక్క గోడ.

తెల్ల చొక్కా, లుంగీ, భుజం మీద తుండు, చెవిలో మిషనుతో యలమంద ఆటో దిగాడు. చెవిటి మిర్చి వ్యాపారి వేషం.

"ఎవురు కావాలయ్యా?" అంది ఆడవాళ్ల మేస్త్రి అమీర్‌బీ. అతను చెవి చూపించి తల అడ్డంగా ఊపాడు. "ఏం సేటూ, చెవుడా, పొగరా?"

ఆడవాళ్లు నవ్వారు. "చెవుడే నయం అక్కా," అంది ఒకామె. "మా ఆయన చెవులు బానే ఉన్నయ్, ఏం లాభం."

స్టోరేజీ గుమస్తా కోటి బయటికొచ్చి గొంతు చించుకున్నాడు. "శాంపిలా? రా రా. ఒరేయ్, సేటుకి తేజ టిక్కీ ఒకటి కొయ్యండ్రా." బస్తాను ఇక్కడ టిక్కీ అంటారు.

హాలు చల్లగా ఉంది. గోడలు ఇటుకా థర్మాకోలూ కలిపి రెండు జానల మందం. ఫోన్ సిగ్నల్ లేదు. ఎత్తున గోడ గడియారం. దానికి ఎదురుగా తీగతో కెమెరా. అరుస్తున్న కోటికి గానీ, గోడ అవతల నవ్వుతున్న ఆడవాళ్లకు గానీ చెవిలో ఒక్క టక్కూ లేదు. యలమంద ఊపిరి పీల్చుకున్నాడు. సుందరి గారు ఇంట్లో ఉంది. ఇక ఈ గడియారానికి ఇక్కడ పని లేదు.

కోటి ఇంకో వ్యాపారితో బేరంలో పడ్డాడు. ఆన్‌లైన్ వేలాలు వచ్చినా ఇక్కడ పాత అలవాటు పోలేదు. చేతుల మీద తుండు కప్పుకుని, కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, అరచెయ్యంతా పట్టి వదిలితే ఐదు. పక్కనున్నవాడికి ఏమీ తెలియదు. యలమంద నాన్న, హెలెన్ నాన్న ఇద్దరూ మిర్చి యార్డులో బ్రోకర్లే. బడికి సెలవులొస్తే పిల్లలిద్దరూ ఓ పాత తుండు కింద చింతగింజలు బేరమాడేవాళ్లు.

అప్పుడే తలుపు తోసుకుని ఆమె వచ్చింది. ఎర్ర చీరాల చీర, నల్ల కళ్లద్దాలు, చెవిలో సన్నటి రేడియో ఇయర్‌పీస్. నెరిసిన జుట్టు కనిపించకుండా రంగు వేసుకుంది. నడక మాత్రం అదే.

"హెలెన్," అన్నాడు యలమంద. అనుకోకుండా వచ్చిన మాట.

చెవిలో టక్. టక్. టక్.

గడియారం యలమంద గొంతుకే పలికింది.

* * *

"కోటి గారూ, మీరు బయటికెళ్లండి. సేటుతో నేను మాట్లాడతా," అందామె. కోటి, ఆ వ్యాపారి బయటికెళ్లారు. తలుపు మూసుకుంది. కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. దాని అవతల కారులో లూకస్, ఎక్కడో దేశాల్లో కొనేవాళ్లు. వాళ్ల ఎదుట ఆమె నోరు విప్పి ఏం చెప్పినా అందరూ వింటారు.

"చెవుడు ఎప్పట్నించి యలమందా?"

అతను కదల్లేదు. టక్కులు నెమ్మదించాయి. ముంత కారుతోంది.

"మాట్లాడవేం? ఒకప్పుడు ఆపేవాడివి కాదు గదా. నేను వెళ్లాక ఏడాది పాటు రోజూ వాయిస్ మెసేజ్ పెట్టావు. అన్నం తిన్నావా అని. అక్కడ వానలు పడుతున్నాయా అని. ఆ నంబరు పనిచెయ్యదనుకున్నావు. అన్నీ విన్నా. తర్వాత నా ఫోన్ లూకస్ చేతికి దొరికింది. వాళ్లకు తీరిగ్గా మాట్లాడిన ఒక గొంతు కావలసొచ్చింది. అంత మంచి శాంపిల్ ఇంకెక్కడ దొరుకుతుంది? నా పేరుతో మెసేజ్ వెళ్తే నువ్వే వస్తావని వాళ్లకు తెలుసు."

మాటలు బండగా ఉన్నాయి. ముఖం రాయిలా ఉంది. ఆ మెసేజ్‌లు ఎవరూ వినలేదనుకుని అతను ఎన్నో రాత్రులు నిద్రపోలేదు. విన్నది ఇద్దరు. ఒకామె ఎదురుగా ఉంది. ఇంకొకటి గోడ మీద.

తను ఇక్కడ నాలుగు మాటలు వరసగా మాట్లాడితే గోడ అవతల నవ్వుతున్న ఆడవాళ్లు ఉండరు. ఎదురుగా ఈమె ఉండదు.

"రైలు కదిలాక నువ్వు నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తడం కిటికీలోంచి చూశా," అందామె. "చూసి కూడా దిగలేదు. చెయ్యి కూడా ఊపలేదు."

"ఎందుకు," అన్నాడు యలమంద.

టక్ టక్ టక్ టక్. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు. అతను పెదవి కొరుక్కున్నాడు. గొంతులో మిరప ఘాటు. దగ్గొచ్చింది. దగ్గుకూ చుక్కలు పడ్డాయి. రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. ఆమె కూడా అప్పుడు మాట్లాడకుండా ఆగింది, అతను నిలదొక్కుకునేదాకా. ఆ ఆగడం అతను గమనించాడు. రెచ్చగొట్టే మనిషి ఆగదు.

గడియారంలో పన్నెండుకి రెండు నిమిషాలు తక్కువ. యలమంద భుజం మీది తుండు తీసి కుడిచేతి మీద కప్పుకుని, బేరానికి చాపినట్టు చాపాడు.

ఆమె ఇయర్‌పీస్‌లో ఎవరో ఏదో అడిగినట్టున్నారు. "మార్కెట్ కస్టమ్," అని ఆమె ఇంగ్లీషులో జవాబు చెప్పింది. "ఇంకా చెవిటి వేషంలోనే ఉన్నాడు. కాసేపు ఆడనివ్వండి. మాట్లాడిస్తాను, మాట అందుకోగానే నేను బయటికొచ్చేస్తాను."

తుండు కిందికి ఆమె చెయ్యి వచ్చింది. చల్లగా ఉంది. సన్నబడింది.

"నువ్వు పిరికివాడివి," అంది పైకి. కింద రెండు వేళ్లు పట్టి వదిలింది. రెండు.

"నా కోసం ఢిల్లీ దాకా కూడా రాలేదు." ఒక వేలు. ఒకటి.

"ఇంకో పెళ్లన్నా చేసుకోలేదు. ఎవరి కోసమట?" నాలుగు వేళ్లు. నాలుగు.

తర్వాత అరచెయ్యంతా పట్టుకుంది. ఐదు. కానీ వదల్లేదు.

కరెంటు పోయింది.

* * *

కిటికీలు లేని హాలు ఒక్కసారి నల్లబడింది. చల్లటి గాలి మిషన్లు మూలిగి ఆగాయి. కెమెరా ఎర్రదీపం ఆరింది. అతను స్టూలు కాలితో వెతుక్కుని గడియారం కింద పెట్టుకున్నాడు. వెనక చెయ్యి పెడితే కీప్యాడ్ వేళ్లకు తగిలింది.

రెండు. ఒకటి. నాలుగు.

వేలు ఐదు మీద ఆగింది.

గోడ అవతల నుంచి అమీర్‌బీ అరుస్తోంది. "సేటూ, కరెంటు పోయిందయ్యా. భయపడమాక. ఉండావా లోపల?" మనిషి పలకరిస్తే పలకడం అలవాటు. ఉన్నానమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

జనరేటర్ మొదటిసారి దగ్గి ఆగిపోయింది. రెండోసారి లాగుతున్నారు.

ఐదా, కాదా? హెలెన్‌ని నోటితో అడగొచ్చు. అడిగితే టక్కులు పడతాయి. ఎన్ని మిగిలున్నాయో తెలియదు. చెప్పడానికి ఆమెకూ వీల్లేదు. కెమెరా గుడ్డిదైనా ఇయర్‌పీస్ మైకుకు దాని బ్యాటరీ దానికుంది. చీకట్లో ఆమె ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

అతనికి నాన్న తుండు గుర్తొచ్చింది. యార్డులో ఐదు చెప్పేవాడు అరచెయ్యి పట్టి వెంటనే వదిలేస్తాడు. పట్టి వదలకుండా ఉంటే అంకె కాదు. బేరం అయిపోయింది, ఖాయం, ఇక మాట మార్చేది లేదు అని. అవతలివాడు తిరిగి నొక్కేదాకా చెయ్యి వదలకూడదు. చింతగింజల బేరంలో హెలెన్ ఎప్పుడూ అదే చేసేది. తను తిరిగి నొక్కేదాకా వేళ్లు నొప్పి పుట్టేట్టు పట్టుకునేది.

కరెంటు పోయినప్పుడు తనే చెయ్యి లాక్కున్నాడు. ఆమె వదల్లేదు.

ఐదు మీది వేలు తీసి ఓకే నొక్కాడు.

జనరేటర్ అందుకుంది. లైట్లు వెలిగాయి. గడియారం ముళ్లు వణికి ఆగిపోయాయి. అతను స్టూలు దిగి, ఏమీ జరగనట్టు శాంపిల్ బల్ల దగ్గర నిలబడేసరికి కెమెరా ఎర్రదీపం వెలిగింది. హెలెన్ బల్లకు చేరబడి ఉంది. కళ్లద్దాలు తీసేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. హాల్లో మిరపకాయలున్నాయి కాబట్టి లూకస్‌కి అదేం కొత్తగా అనిపించి ఉండదు.

యలమంద కెమెరా వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"లూకస్ గారూ, నమస్తే. నా పేరు యలమంద. మాది కోటప్పకొండ దగ్గర. మీ గడియారం బావుంది. ధర ఎంతో చెప్పలేదు. నాకు ఈ తుండు తప్ప పెట్టుబడి లేదు. ఇంకా మాట్లాడమంటారా?"

చెవిలో టక్కులు కుండపోతగా పడ్డాయి. చివరి న్యూరాన్ పొంగింది. ఏమీ కాలేదు. తలుపు తోసుకుని వచ్చిన అమీర్‌బీ నోరు తెరుచుకుని నిలబడింది.

"ఓరి నీ యవ్వ. మాటలొచ్చా నీకు?"

రోడ్డు మీద నల్ల కారొకటి హడావుడిగా రివర్స్ తీసుకుంది. వెనక పత్తి ట్రాక్టరు. ముందు పత్తి ట్రాక్టరు. కారు హారన్ మోగించింది. ట్రాక్టరు డ్రైవరు తలపాగా సర్దుకుంటూ దిగి, కారు అద్దం మీద మర్యాదగా తట్టాడు. ఆ వేషంలో కూడా రామమూర్తి రిటైరైన హెడ్మాస్టరులాగే ఉన్నాడు. లూకస్ ల్యాప్‌టాప్‌లో డిజైనుతో పాటు మూడో గడియారం ఉన్న ఊరి పేరు దొరికింది.

* * *

హెలెన్‌ని ఢిల్లీ తీసుకెళ్లే జీపు షెడ్డు పక్కన ఆగి ఉంది. డీబ్రీఫింగ్ అంటారు. నెలలు పట్టొచ్చు. ఎనిమిదేళ్లలో ఏం చేసిందో, ఏం చెయ్యాల్సి వచ్చిందో అన్నిటికీ జవాబు చెప్పాలి. ఆమె చేసినవాటిలో కొన్నింటికి మాఫీ ఉండకపోవచ్చని రామమూర్తి ముందే చెప్పాడు.

"ఆ రోజు ఎందుకు దిగలేదో అడుగుతావనుకున్నా," అందామె.

"అడిగా గదా. దగ్గొచ్చింది."

"దిగితే మళ్లీ ఎక్కేదాన్ని కాదు. అందుకని."

అతను తల ఊపాడు. ఇప్పుడు ఎంత మాట్లాడినా ఏమీ పేలదు. ఒక్క మాటా రావడం లేదు. జీపు ఇంజను స్టార్టయింది. చివరికి అతని నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"అన్నం తిన్నావా?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే ముఖం అటు తిప్పుకుంది. "ఏడాదంతా అదే అడిగావు. ఇంకో మాట రాదా నీకు?" జీపు కదిలాక, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. "వెళ్లొస్తా యలమందా."

జీపు ట్రాక్టర్ల మధ్య నుంచి సందు చేసుకుని వెళ్లిపోయింది. అమీర్‌బీ వచ్చి అతని పక్కన నిలబడింది. "ఎండలో ఎందుకు సేటూ, లోపలికి రా," అంది.

వారం తర్వాత సుందరి గారు ఆ గడియారాన్ని ఒక సంచీలో పెట్టి యలమంద ఇంటికి తెచ్చింది. పేలుడు మందు తీసేశారు. చిప్ అలాగే ఉంది. "దీన్ని మామూలుగా ముక్కలు చేస్తాం నాయనా. మల్లేశ్వరి అడిగిన మాట గుర్తొచ్చి చెయ్యలేకపోయా. దీనికి ఒక్క గొంతే తెలుసు. బ్యాటరీ ఇంకా తొమ్మిదేళ్లు వస్తుంది. పొంగినప్పుడు పేలే చోట చిన్న దీపం పెట్టా."

అతను దాన్ని వంటగది గోడకు తగిలించాడు. ఒంటరి ఇల్లు. పొద్దున్నే అలవాటు కొద్దీ తనలో తను ఏదో గొణుక్కుంటే, గోడ మీద దీపం ఒకసారి వెలిగి ఆరుతుంది. మొదటి రోజుల్లో ఉలిక్కిపడేవాడు. తర్వాత దానికి కూడా పలకరించినట్టు ఒక మాట అనేవాడు.

వర్షాలు మొదలయ్యాక ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. నంబరు కనపడలేదు.

"అది ఇంకా ఉందా?" అంది హెలెన్.

"గోడ మీదే ఉంది."

"నీ మాట వింటోందా?"

దీపం వెలిగింది. యలమంద దానివైపు చూశాడు.

"మాట బానే వింటోంది. టైం మాత్రం ఒక్కరోజు కూడా సరిగ్గా చూపించలేదు."